గుమ్మం బయటి చొక్కా

పొద్దున్నే బీరువా తలుపు తీయగానే వాసన గుప్పుమంది. ఆమె ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది. ఇస్త్రీ మడత నలగకుండా పేర్చుకున్న తన బట్టల పక్కనే ఒక నీలం చొక్కా దర్జాగా హ్యాంగరుకు వేలాడుతోంది. ముందుభాగమంతా నల్లటి ఇంజన్ ఆయిలు, జేబు చుట్టూ గ్రీజు, చంకల కింద ఎండి అట్టకట్టిన చెమట చారలు. కాలరు అంచు చూసేసరికి ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆ చొక్కా ఎవరిదో ఒకరు చెప్పక్కర్లేదు. భర్త లారీలు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. పెళ్ళయిన కొత్తలోనే ఆమె ఇంటికో చట్టం చేసింది. షెడ్డు బట్టలు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆయన పెరటి వైపు నుంచి రావాలి, చొక్కా విప్పి మూతబకెట్లో పడేయాలి, అక్కడే స్నానం చేయాలి. ఆ తర్వాతే ఇల్లు. ఆయన సబ్బు వేరు, తువ్వాలు వేరు, దిండు గలేబు వేరు. ఎంత రుద్దుకున్నా ఒంటినుంచి డీజిల్ వాసన పోదని ఆమె బాధ. ఆయన ఏనాడూ ఎదురు చెప్పలేదు. "ఆయనకేం పట్టదులెండి, తోలు మందం" అని ఆమె చుట్టాల ముందు నవ్వుతూ చెప్పుకునేది.

పైగా ఆమె పనిచేసేది పళ్ళ డాక్టరు దగ్గర. అద్దాల బల్ల వెనక కూర్చుని పేషెంట్ల పేర్లు రాసుకునే పని. చీమ పాకినా కనిపించేంత తెల్లటి గచ్చు, ఎటు చూసినా స్పిరిట్ వాసన. ఆ శుభ్రం ఆమెకు ప్రాణం. అలాంటి మనిషి బీరువాలో ఈ చొక్కా.

"నా బట్టల్లో ఈ రోత ఏంటే?" అని కేకేసింది.

"రోత కాదమ్మా, నా కలెక్షన్" అంది కూతురు, నోట్లో బ్రష్షుతోనే తలుపు దగ్గరికొచ్చి. చిన్నప్పుడు కిటికీ తెరలు కత్తిరించి బొమ్మకు గౌను కుట్టిందని తండ్రి ఆ పిల్లకు కత్తెర అని పేరు పెట్టాడు. ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు నిజంగానే ఫ్యాషన్ డిజైనింగ్ చివరి ఏడాది చదువుతోంది.

కత్తెర చెప్పుకొచ్చిన సంగతి ఇది. కాలేజీలో ఎగ్జిబిషన్ పెడుతున్నారు. ఒక్కొక్కరూ సొంతంగా ఒక బ్రాండ్ తయారుచేయాలి. పేరు, లేబుల్, బట్టలు, స్టాలు, ప్రచారం అన్నీ వాళ్ళవే. నచ్చితే పెద్ద బట్టల కంపెనీవాళ్ళు అక్కడికక్కడే పనిలోకి పిలుస్తారట. మిగతావాళ్ళు పూలూ సీతాకోకచిలుకలూ పట్టుకుని కూర్చుంటే ఈ పిల్ల తండ్రి పాత షెడ్డు చొక్కాలు ఏరుకుంది. వాటిని కోసి, కొత్త గుడ్డతో కలిపి జాకెట్లు కుడుతోంది. మరక సరిగ్గా గుండెల మీదికి వచ్చేలా చూసుకుంటోంది. బ్రాండ్ పేరు కూడా 'మరక'. గదిలో గోడ చెమ్మగా ఉందని ఈ ఒక్క చొక్కా తెచ్చి తల్లి బీరువాలో పెట్టింది.

డబ్బులిచ్చి మురికి కొనుక్కునేవాళ్ళు కూడా ఉంటారా అని తల్లి అడిగింది. చిరుగుల ప్యాంటు నువ్వే కొనిపెట్టావుగా అని కూతురు అంది.  కనీసం ఉతికి కుట్టుకోమని తల్లి అంది. ఉతికితే ఇక అందులో ఏముంటుందని కూతురు ఎదురడిగింది. ఆమె వంటింట్లోకి వెళ్ళి, తాగబోయిన కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఆ పూట కాఫీ సహించలేదు.

అప్పటినుంచీ ఇల్లు ఆమెకు పరాయిదైపోయింది. సాయంత్రాలు పెరట్లో తండ్రీకూతుళ్ళ హడావిడి. ఆయన్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తించి కత్తెర ఫోటోలు తీసేది. ఆయనేమో పిల్ల ఎటు తిరగమంటే అటు తిరిగేవాడు. పొట్ట లోపలికి లాగి ఊపిరి బిగబట్టేవాడు. పిల్ల ఆ ఫోటోలు ఫోన్లో పెడితే ఊరూపేరూ తెలియనివాళ్ళంతా హృదయం బొమ్మలు గుప్పించేవారు. ఒక మహానుభావుడైతే ఇది శ్రమ పరిమళం అని రాశాడు. ఆమె అది చదివి ఛీ అనుకుంది. పరిమళమట. ఒక్కరోజు వచ్చి ఆ బకెట్ మూత తీసి చూడమనాలి వాణ్ణి.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎగ్జిబిషన్ రేపనగా, క్లినిక్‌లో నర్సు ఫోను పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. ఇది మీ ఇల్లే కదా మేడమ్ అని అడిగింది. పోస్టరు. పెరటి గుమ్మం బయట, ఆయిలు చొక్కాతో, లోపలికి చూస్తూ నిలబడ్డ తన భర్త. కింద పెద్ద అక్షరాల్లో 'మరక'. దాని కింద చిన్నగా, 'మా ఇంటి గుమ్మం ఎన్నడూ దాటనిది'.

నర్సు చూసింది, డాక్టరు చూశాడు. ఏంటమ్మా, మీ ఆయనకు ఇంట్లోకి ప్రవేశం లేదా అని సరదాగా అన్నాడు. నోట్లో దూదితో కూర్చున్న పేషెంటు కూడా ఆ దూదిలోంచే నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వక చస్తుందా. కానీ ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. సాయంత్రం దాకా ఎవరు తనవైపు చూసినా ఆ పోస్టరు గురించే అనిపించింది.

ఇంటికి వస్తూనే బ్యాగు కూడా పక్కన పెట్టకుండా కూతురి గదిలోకి వెళ్ళింది. ఎగ్జిబిషన్‌లో అన్నిటికంటే ముందు వేలాడదీయాలని ఆ నీలం చొక్కాతో కుట్టిన జాకెట్టు మంచం మీద పరిచి ఉంది. రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. సలసల కాగే నీళ్ళు, చాకలి సోడా, బ్రష్షు. పళ్ళు బిగబట్టి ఉతికింది. నీళ్ళు నల్లగా వచ్చాయి, పారబోసింది. మళ్ళీ నల్లగా వచ్చాయి, మళ్ళీ పారబోసింది. మరక పూర్తిగా పోలేదు కానీ పాలిపోయింది. జాకెట్టును తీగ మీద ఆరేసి చేతులు కడుక్కున్నాక ప్రాణం హాయిగా అనిపించింది.

కత్తెర వంటింట్లో తల్లి పక్కకు వచ్చి కిటికీలోంచి తీగ వైపు చూసింది. అరవలేదు, ఏడవలేదు.

"ఎందుకు ఉతికావమ్మా?"

"మురికి కనిపిస్తే ఉతుకుతాను. అది నా పని. ఇంటి పరువు బజారున పెట్టడం నీ పని, నువ్వు చేశావుగా."

"పోస్టర్లో అబద్ధం ఏమైనా రాశానా?"

"నిజమైతే మాత్రం గోడలకు అంటిస్తామా? నాకు మరకంటే అసహ్యం. అది కూడా తప్పేనా?"

"నీకు అసహ్యం మరకంటే కాదమ్మా" అంది కత్తెర. "నాన్నంటే."

ఆ మాట కొంచెం నెమ్మదిగా పడి ఉంటే ఆమె తమాయించుకునేదేమో. రోజంతా దిగమింగినదంతా ఒక్కసారి పైకి తన్నింది.

"అవును, అసహ్యమే. మీ నాన్న దగ్గరికొస్తే నాకు వాంతొస్తుంది. కాపురానికొచ్చిన రోజునుంచీ భరిస్తున్నాను. ఆయన్నే అడుగు, ఏనాడైనా ఒక్క మాటన్నారేమో. ఆయనకే లేని బాధ మధ్యలో నీకెందుకు?"

పెరట్లో బకెట్ మూత పడ్డ చప్పుడైంది. తల్లీకూతుళ్ళిద్దరూ అటు తిరిగారు. ఆయన ఎప్పుడొచ్చాడో తెలియదు. కాసేపటికి స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మొదలైంది. చాలాసేపటి దాకా ఆగలేదు.

తల తుడుచుకుంటూ లోపలికొచ్చి కూతురి వైపే చూశాడు. "ఇవాళ్టి చొక్కా బాగా పాడైంది కత్తెరా. బకెట్లో వేయకుండా బయట పెట్టా. నీకు పనికొస్తుందేమో చూడు."

మర్నాడు ఆ చొక్కా స్టాలుకెక్కింది. కత్తెర తల్లితో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది. తండ్రి కూడా బయల్దేరాడు. ఎగ్జిబిషన్ గడప తొక్కనని ఆమె అనుకుంది. కానీ అక్కడ నలుగురూ తన గురించి ఏమనుకుంటున్నారో తెలియకపోతే ఆమెకు ముద్ద దిగదు. మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళింది.

హాలంతా అత్తరు వాసనలు, ఫోన్ల వెలుగులు. ఒకచోట చెత్త సంచులతో కుట్టిన గౌను, ఇంకోచోట రేజర్ బ్లేళ్ళు అతికించిన రవిక. వాటి పక్కన నిలబడి మూతులు ముందుకు చాచి ఫోటోలు దిగేవాళ్ళు. ఆమెకు ఎవర్ని చూసినా వెగటుగా ఉంది. కూతురి స్టాలు దగ్గర అన్నిటికంటే ఎక్కువ జనం ఉన్నారు. వెనకాల పోస్టరు గోడంత ఉంది. ఆ పోస్టర్లోని మనిషి దానికి కాస్త ఎడంగా తెల్ల చొక్కా వేసుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కరూ ఆయన్ని గుర్తుపట్టలేదు. ఆమె స్తంభం పక్కన ఆగిపోయింది.

ఖరీదైన బట్టల్లో ఒకావిడ స్నేహితురాలితో వచ్చింది. కొత్తగా తగిలించిన చొక్కా దగ్గరికి ముఖం పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకుని పోస్టర్లోని మనిషి వైపు చూసింది.

"ఛీ, నిజంగానే కంపు కొడుతోందే. వీడి పెళ్ళాం పక్కలో ఎలా పడుకుంటుందో."

స్నేహితురాలు పడీపడీ నవ్వింది. కత్తెర కూడా బేరం పోతుందన్నట్టు తెచ్చిపెట్టుకుని నవ్వింది. "వాసన కూడా మా డిజైన్‌లో భాగమేనండీ" అంది.

ఆయన విన్నాడు. తల కొంచెం వంచి నవ్వాడు. వెనక ఉన్న చేతుల్ని చొక్కాకు తుడుచుకున్నాడు, వాటికి ఏమీ అంటకపోయినా.

ఆ నవ్వు ఆమెకు తెలుసు. వేరే తువ్వాలు చేతికిచ్చిన రోజున నవ్విన నవ్వు అది. చుట్టాల ముందు తోలు మందం అన్నప్పుడల్లా ఇలాగే తల వంచి నవ్వేవాడు. ఏమీ పట్టని మనిషి నవ్వు అనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు వేరే ఆడమనిషి అదే మాట అంటే, అదే నవ్వు దూరం నుంచి కనిపించింది. దెబ్బ తగిలిన మనిషి అది తగిలినట్టు తెలియనివ్వకుండా నవ్వే నవ్వు అది. అంత తేలిగ్గా కనిపించేదే, ఆమె ఎప్పుడూ ముక్కు మూసుకునే చూసింది. తన మీద తనకు పుట్టిన అసహ్యం ముందు ఆ ఆయిలు వాసన ఏపాటిది.

ఎలా వెళ్ళిందో తెలియదు, వెళ్ళి ఆవిడ ముందు నిలబడింది. "ఆ పెళ్ళాన్ని నేనేనండీ. గోడవైపు తిరిగి పడుకుంటాను" అంది. భర్త వైపు చెయ్యి చూపించింది. "ఆయన అదుగో, అక్కడే ఉన్నారు. మీరన్నది విన్నారు."

ఆవిడ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్నేహితురాలి మోచెయ్యి పట్టుకుని పక్క స్టాలుకు జారుకుంది. కత్తెర ముఖంలో తెచ్చిపెట్టుకున్న నవ్వు ఎప్పుడో పోయింది. తండ్రి వైపు చూడలేక లేబుళ్ళ దారం వేలికి చుట్టుకుంటోంది.

ఆమె భర్తను బయటికి తీసుకొచ్చింది. బళ్ళు ఆపేచోట అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. ఇంత జనంలో అలా అంటావా అని ఆయన మెల్లగా మందలించాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నేనన్నవన్నీ మీకు బాధగా ఉండేవా?"

ఆయన గోళ్ళకేసి చూసుకున్నాడు. "మొదట్లో ఉండేది."

"మరి ఒక్కసారైనా నన్ను తిట్టచ్చుగా. నోరు మూసుకో అనచ్చుగా."

"ఏమని తిట్టను? నాకు మాత్రం పడుతుందా ఏంటి ఆ వాసన" అన్నాడు. "ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే నాకే కడుపులో తిప్పుతుంది. ఎంత తోముకున్నా పోదు. నువ్వు తలుపేసుకుని లోపలికి పోతావు. నా ఒంటినుంచి నేనెక్కడికి పోను?"

 ఆ అసహ్యం తనదొక్కదానిదే అనుకుంది ఆమె ఇన్నాళ్ళూ. ఇద్దరిదీనట. ఒకరు దాన్ని నలుగురికీ చెప్పుకుని నవ్వుకున్నారు, ఇంకొకరు దాన్ని ముద్దతో పాటు మింగారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వెనకాలే కత్తెర వచ్చి నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పోస్టరు తీసేస్తాను నాన్నా. నేను నిన్ను అడగనే లేదు, నీకిష్టమా కాదా అని."

"ఎందుకు తీయడం? ఫోటో బాగుంది. పొట్ట కనపడలేదు" అన్నాడాయన. కత్తెర నవ్వబోయి ఏడ్చేసి, ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద కూలబడింది.

ఆమె చెయ్యి చాచి ఆయన చెయ్యి అందుకుంది. గోళ్ళ చుట్టూ నలుపు, అరచేతిలో పగుళ్ళ గీతల నిండా నలుపు. దాన్ని తన చెంపకు ఆనించుకుంది. డీజిల్ వాసన వచ్చింది. ఎప్పటిలాగే కడుపులో తిప్పింది.

"వద్దు, వాసనొస్తుంది" అంటూ ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"రానివ్వండి" అంది ఆమె.