రూబీ నెట్టు కోసం ప్రార్థన

మాట్లాడుతుండగా అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. మనం పెట్టకపోయినా మనమే పెట్టేశామని అవతలివాళ్లు తిడితే ఎలా ఉంటుందో రూబీని అడగాలి. నెల రోజులుగా ఆ పిల్ల బతుకు అదే అయిపోయింది.

సాలూరులో లారీలు బారులు తీరే రోడ్డుకి వెనక వీధిలో వాళ్ల ఇల్లు. తండ్రి సుందరరావు లారీలకు రంగులు, పువ్వులు, పేర్లు వేస్తాడు. రూబీ మేడ మీద గదిలో కూర్చుని హైదరాబాదులోని ఒక పెద్ద ఆస్పత్రికి వచ్చే ఫోన్లు లాప్‌టాప్‌లో అందుకుని, రోగులకు ఏ డాక్టరు ఎప్పుడు చూస్తాడో చెబుతుంది. ఇంటి నుంచి పని చేసుకోవచ్చు గానీ వైఫై మాత్రం కుదరదని, కింద హాల్లో ఉన్న రౌటర్ నుంచి పైకి వైరు లాగించుకోవాల్సిందేనని ఆస్పత్రివాళ్లు ముందే చెప్పారు. లాగించుకుంది. ఆ వైరే కొంప ముంచుతోంది.

"బాబుకి జ్వరం ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?" అని తను అడుగుతూ ఉండగానే లైను పోతుంది. గుటక మింగేలోపు మళ్లీ వస్తుంది. ఏం లాభం, ఆ గుటకలోనే కాల్ తెగిపోతుంది. జ్వరం బాబు తల్లి మళ్లీ ఫోన్ చేసి, పేదవాళ్లమనే కదా పెట్టేశావు అని నానా మాటలూ అంటుంది. రోజుకి అలా ఎంతమంది చేతనో తిట్లు తింటోంది.

పోనీ వీధిలో లైనే చెడిందా అంటే అదీ కాదు. అదే రౌటర్ మీద, కింద హాల్లో తల్లి సీతమ్మ ఫోన్‌లో బైబిలు వాక్యం వింటూనే ఉంటుంది. దానికి ఒక్క ముక్క తెగదు. పైకి వెళ్లే వైరుకే ఈ రోగం.

ఆస్పత్రిలో పైఅధికారి సుహాసిని గారు చాలా చల్లగా చెప్పింది. ఇంకొక్క వారం చూస్తామని, ఇలాగే ఉంటే హైదరాబాదు ఆఫీసుకి వచ్చి పని చెయ్యాలని, రాలేకపోతే మానుకోవచ్చని. రూబీ అంతకుముందు రెండేళ్లు ఆ మహానగరంలో హాస్టల్ సాంబారు తిని, ఇక చచ్చినా రానని దండం పెట్టి వచ్చిన మనిషి.

ఇక ఆ వైరు లాగిన మహానుభావుడు స్టాన్లీ. వారమంతా బండి మీద నిచ్చెన కట్టుకుని ఊళ్లో నెట్ కనెక్షన్లు చూస్తాడు. ఆదివారం వీళ్ల బాప్టిస్టు చర్చిలోనే కీబోర్డు వాయిస్తాడు. మనిషి చూడ్డానికి బాగుంటాడు, నవ్వితే ఇంకా బాగుంటాడు. రూబీకి అది మరీ ఒళ్లు మంట. పని చెడగొట్టేవాడు చూడ్డానికి కూడా చెడ్డగా ఉంటే తిట్టేవాళ్లకు సుళువుగా ఉంటుంది కదా.

పిలిచినప్పుడల్లా వచ్చాడు, అది ఒప్పుకోవాలి. రౌటర్ ఆపి వెలిగించాడు. వైరుని ఒక రంధ్రంలోంచి తీసి ఇంకో రంధ్రంలో పెట్టాడు. చివరికి పాత వైరంతా పీకేసి కొత్తది లాగి, రెండు కొసలకూ తన చేత్తోనే ప్లగ్గులు బిగించాడు. బిగించి, అగ్గిపెట్టెంత టెస్టర్ తగిలించి చూపించాడు.

"ఎనిమిది లైట్లూ వరసగా ఎలుగుతన్నాయి సిస్టర్. వైరు శుభ్రంగా ఉన్నాది. మీ లాప్‌టాపే ఎక్కడైనా సూపించుకోండి."

అతను మెట్లు దిగాడో లేదో లైను పోయింది. రూబీ మెట్ల మీదికి పరిగెత్తుకొచ్చేసరికి అతని బండి వీధి చివర ఉంది. అక్కడితో ఆగిందా? ఆ సిస్టర్ అన్న పిలుపు కూడా చెవిలో జోరీగలా తిరిగింది. చర్చిలో అందరూ అందరినీ సిస్టర్ అనే అంటారు. ముసలి పెద్దలు అంటారు, పాస్టరు గారు అంటారు, ఆమె ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇతను అంటే మాత్రం ఎందుకో నచ్చలేదు. ఎందుకో ఆలోచించే తీరికా లేదు, మళ్లీ కాల్ వచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులు ఎవరికైనా ఉంటే చెప్పమని పాస్టరు గారు అడిగారు. ఒకావిడ మోకాళ్ల నొప్పులు చెప్పింది. ఒకాయన కొడుకు పరీక్ష చెప్పాడు. అప్పుడు సీతమ్మ కొంగు సర్దుకుని లేచింది. రూబీ కొంగు పట్టి లాగబోయింది గానీ అందలేదు.

"మా రూబీకి నెట్టు వస్తాది, పోతాది. బాగుసేసే బాబు మాటిమాటికీ వస్తన్నాడు గానీ ఏటీ అవ్వట్లేదు. పిల్ల ఉద్యోగం పోయేటట్టున్నాది. అందరూ పార్థన సేయండి."

చర్చిలో ఉన్న తలకాయలన్నీ కీబోర్డు వైపు తిరిగాయి. పాస్టరు గారు మంచి మనిషి, ఆ వైరునూ రౌటర్నూ దేవుని చేతికి అప్పగించి కన్నీళ్లతో ప్రార్థించారు. తర్వాతి పాటలో స్టాన్లీ రెండుసార్లు తాళం తప్పాడు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర రూబీకి అడ్డం వచ్చాడు. మొహం కందిపోయి ఉంది.

"ఇంతమందిలో నా పరువు తీయించీసినారు."

"మా అమ్మ మీ పేరు సెప్పినాదా?"

"సెప్పాలేటి? మన సర్చికంతటికీ నెట్టు సూసేది నేనొక్కణ్ణే. సగం ఇళ్లకి వైర్లు లాగింది నేను. ఇన్నాళ్లలో ఎవరూ ఒక మాట అన్నేదు."

రూబీ ఫోన్లలో పుస్తకంలా మాట్లాడుతుంది. కోపం వస్తే మాత్రం సాలూరు మొత్తం బయటికి వస్తుంది.

"అనకపోతే తప్పు లేనట్టేటి? ఆస్పత్రోళ్లు మీ వైరంతారు. మీరు నా లాప్‌టాపంతారు. ఫోన్ సేసినోళ్లు నా పొగరంతారు. తప్పు మాదని ఒక్కలంటే ఒక్కలు అనరు. అందరూ పెద్దమనుషులే, మజ్జిలోన హైదరాబాదు ఎల్లిపోవలసింది మాత్రం నేను."

స్టాన్లీ మొహంలో కోపం ఉన్నపళాన దిగిపోయింది. ఈ హైదరాబాదు సంగతి అతనికి తెలియదు.

"ఎల్లిపోతారా?" అన్నాడు. సిస్టర్ అనలేదు. ఆ సంగతి రూబీ గమనించింది, గమనించినందుకు తన మీద తనే విసుక్కుంది.

స్టాన్లీ ఆమెను రేపు లాప్‌టాప్ పట్టుకుని తన ఆఫీసుకి రమ్మన్నాడు. అక్కడా లైను తెగితే తప్పు లాప్‌టాప్‌ది, తెగకపోతే తనది, ఇక మాట్లాడేది లేదన్నాడు. రూబీ సరేనంది. అతని నోటితో ఆ మాట అనిపించడానికి రాయగడ దాకా రమ్మన్నా వెళ్లేదే.

సోమవారం పొద్దున్నే సుందరరావు కూతుర్ని బండి మీద దింపి తన షెడ్డుకి పోయాడు. ఆఫీసంటే పంక్చర్ల షాపు పక్కన ఒక గది. బల్ల మీద కొత్త రౌటర్ ఉంది, దాని అట్టపెట్టెలో వచ్చిన పొట్టి వైరు ఉంది. స్టాన్లీ ఆ వైరునే లాప్‌టాప్‌కి తగిలించి, గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

ఫోన్లు వచ్చాయి. రూబీ మాట్లాడింది. ఒక్కటీ తెగలేదు. గట్టిగా మాట్లాడుతూ వచ్చినవాళ్లను స్టాన్లీ నోటి మీద వేలు పెట్టి ఆపాడు. టీ తనే వెళ్లి తెచ్చి, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టాడు. ఎవరో చెవుడు ఉన్న మామ్మకు డాక్టరు పేరు నాలుగైదుసార్లు, విసుక్కోకుండా, నవ్వుతూ చెబుతూ రూబీ తల ఎత్తింది. అతను ఆమెనే చూస్తున్నాడు. ఇద్దరూ ఒకేసారి గోడ మీద క్యాలెండర్ చూశారు.

మధ్యాహ్నం దాటినా లైను చెక్కు చెదరలేదు. రూబీకి సంతోషం వేసింది, అంతకు రెట్టింపు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఇలా ఉండాల్సిన ఉద్యోగం కదా ఇది. ఆ కోపంతోనే వైరు కొసను చేతిలోకి తీసుకుని చూసింది. రంగుల మధ్య పెరిగిన పిల్ల, ఆమె కంటికి ముందు రంగులే కనిపిస్తాయి.

"ఇదేటి, దీని రంగులు వేరేగా ఉన్నాయి? మా ఇంటి వైరుకి పచ్చ పక్కన పచ్చ, నీలం పక్కన నీలం కదా. ఇక్కడ పచ్చల మజ్జిలోకి నీలాలు వచ్చీసినాయి."

స్టాన్లీ వచ్చి చూశాడు. ప్లగ్గుని వెలుతురుకి పెట్టి మళ్లీ చూశాడు. ఫోన్ తీసి ఏదో వెతికి చదివాడు, పైనుంచి కిందికి మరోసారి చదివాడు. ఆ తర్వాత చెప్పాడు. వైరులో ఎనిమిది తీగలు రెండేసి చొప్పున మెలేసి ఉంటాయి. ఒక మెలికలో ఉన్న రెండూ కలిసి ఒకే సమాచారం మొయ్యాలి. అలా మొయ్యాలంటే ప్లగ్గులో పచ్చ తీగల జత, నీలం జతకి అటొకటి ఇటొకటి నిలబడాలి. అతనికి పని నేర్పిన అసిరయ్య మావ, ఏ రంగు పక్కన ఆ రంగు పెడితే చూడ్డానికి పొందిగ్గా ఉంటుందని అలాగే నేర్పాడు. నెట్టు ప్లాన్లు నెమ్మదిగా ఉన్న రోజుల్లో అది గడిచిపోయింది. ఇప్పుడు స్పీడు పెరిగింది. వీళ్ల వైరేమో పొడుగు, పైగా కరెంటు పైపు వెంట పైకి పోతుంది. అందుకే లైను తడబడి పడుతోంది, లేస్తోంది. టెస్టర్ తీగ అటు చేరిందా లేదా అనే చూస్తుంది, దేనితో మెలేసి ఉందో దానికి పట్టదు.

"తప్పు నాదండి," అన్నాడు. "లాప్‌టాప్‌ది కాదు. మీది అసలే కాదు."

ఈ మాట వినబడితే అందామని రూబీ ఎన్ని తిట్లు పోగేసుకుందో లెక్కలేదు. రెండోసారి తెచ్చిన టీ చల్లారిపోతోందని మాత్రం అంది.

సాయంత్రమే వచ్చి రెండు కొసలూ కోసి సరిగ్గా బిగించాడు. మర్నాటి నుంచి లైను రాయిలా నిలబడింది. వారం గడిచింది, సుహాసిని గారు హైదరాబాదు మాట ఎత్తడం మానేసింది. సీతమ్మ దేవుడు విన్నాడంది.

రూబీకి మాత్రం మళ్లీ కోపమే. నెట్టు పోతే కదా అతన్ని పిలవడానికి. పోకూడని రోజులన్నీ పోయి, ఇప్పుడు ఒక్కసారి, మాట వరసకైనా పోకూడదా? వీధిలో బండి చప్పుడైతే కాల్ మధ్యలో కిటికీ వైపు చూస్తోంది. వచ్చేది పాలబండి. అతను కావాలి తనకు. సిగ్గు విడిచి తనలో తను ఒప్పుకుంది, ఒప్పుకున్నాక ఇంకా మండింది.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. సీతమ్మ లేచి నెట్టు బాగయిందని దేవునికి స్తోత్రం చెప్పి కూర్చుంది. అప్పుడు కీబోర్డు వెనక నుంచి స్టాన్లీ లేచాడు.

"బాగవ్వడమేటి, అది పాడుసేసింది నేనే," అన్నాడు. "మీ ఇళ్లలో నేను బిగించిన ప్రతి వైరూ తప్పే. నెట్టు ఆగిపోతందని మీరంతే, టీవీ పోయినాది, కంప్యూటర్ పోయినాదని మీ మీదకే తోసీసినాను. నాకు తెలీలేదు. తెలుసుకోనూ లేదు. రేపటి నుంచి ఇల్లిల్లూ వచ్చి మార్సుతాను. పైసా ఇవ్వక్కర్లేదు. నన్ను సెమించండి."

క్షమాపణ అడిగితే చర్చిలో ఏం జరగాలి? ఏం జరిగిందో చూడండి. థామస్ మాస్టారు ముందు లేచారు. ఈ అబ్బాయి మాట పట్టుకుని బంగారంలాంటి పాత కంప్యూటర్ పారేసి కొత్తది కొన్నానని, మోసమని అరిచారు. ఆయన వెనక ఇంకొకరు, ఆడవాళ్లలోంచి మరొకరు. పని రానివాడికి కీబోర్డు ఎవరిచ్చారని కూడా ఒకాయన అడిగాడు, దానికీ దీనికీ ఏమిటి సంబంధమో. పాస్టరు గారు చేతులెత్తి వారిస్తున్నారు, వినేవాళ్లు లేరు. స్టాన్లీ తల వంచుకుని అన్నీ పడుతున్నాడు.

రూబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు.

"మాస్టారూ, మీరు కూర్సోండి. అందరూ కూర్సోండి. తప్పు నాదని తనంతట తను నిలబడి సెప్పినోణ్ణి నా బతుకులో ఇప్పుడే సూసినాను. సెప్పకపోతే మీకెవరికైనా తెలుస్తాదేటి? సెప్పినందుకా తిడతన్నారు? ఇతన్ని తిట్టడానికి నేనున్నాను. ఇంకెవరూ తిట్టక్కర్లేదు."

థామస్ మాస్టారు టక్కున కూర్చున్నారు. అప్పుడు గానీ తను ఏమన్నదో రూబీకి అర్థం కాలేదు. పక్కన సీతమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. స్టాన్లీ తల ఎత్తాడు, కళ్లు తడిగా ఉన్నాయి.

మగవాళ్ల వైపు బెంచీలోంచి సుందరరావు మెల్లగా లేచాడు. చర్చిలో పాట తప్ప మాట మాట్లాడి ఎరగని మనిషి. గోళ్ల సందుల్లో నిన్నటి ఎర్రరంగు అలాగే ఉంది. కూతురి వైపు చూశాడు, కీబోర్డు దగ్గర కుర్రాడి వైపు చూశాడు.

"ఎన్నాళ్లు తిడతావమ్మా?" అని అడిగాడు.

రూబీ స్టాన్లీ వైపు చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. ఒప్పుకున్నట్టు చిన్నగా తల ఊపాడు.

"ఉన్నన్నాళ్లూ," అని చెప్పి, కోపంగానే కూర్చుంది రూబీ.

వెనక బెంచీలోంచి ఎవరో అలవాటు కొద్దీ ఆమేన్ అన్నారు.