మీనంబాకం మెట్లు దిగినవాడు

మా పాలెంలో పాడుబావికి కూడా లేనంత చెడ్డపేరు మద్రాసులోని మీనంబాకం విమానాశ్రయానికి ఉండేది. మావాళ్లలో దాన్ని చూసినవాడు ఒక్కడూ లేడు. నిందలేయడానికి చూసి రావాలా ఏమిటి? చచ్చినవాళ్లు పైకి పోతారు, మరి అర్ధరాత్రి పైనుంచి దిగేవాళ్లెవరో మీరే ఆలోచించుకోండి అని ముత్యాలయ్య తాత తేల్చేశాడు. ఆలోచించుకున్నాం. చీకటిపడ్డాక పైన విమానం మోత వినిపిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు.

అలాంటి చోటికి పేరమ్మవ్వ రాత్రిపూట పోవాల్సి వచ్చింది. పందొమ్మిదివందల అరవై రెండు నాటి సంగతి. వెంట వెళ్లిన ఆమె చిన్నకొడుకు పెంచలయ్య మామ చెప్పగా విన్నాను.

అవ్వ పెద్దకొడుకు గంగులయ్య. అంతకు తొమ్మిదేళ్ల క్రితం కొత్త వల చింపుకొచ్చాడని తల్లి తిట్టింది. "చస్తే చావు పో!" అంది. అతను తెప్ప తోసుకుని పోయాడు. మూడోరోజు ఖాళీ తెప్ప ఒడ్డుకొచ్చింది. పదకొండోరోజు కర్మ చేశారు, ఊరంతా భోంచేసింది. అవ్వ మాత్రం తొమ్మిదేళ్లూ తన నోటిని తానే తిట్టుకుంటూ బతికింది.

ఇప్పుడు తడ నుంచి తంతి మనిషి వచ్చి కాగితం చదివాడు. శుక్రవారం రాత్రి సింగపూరు విమానంలో వస్తున్నాను — గంగులయ్య.

"కర్మ అయిపోయినోడు మల్లా వస్తే అది మడిసి కాదమ్మే," అన్నాడు ముత్యాలయ్య తాత. "పాదాలు చూడు. ఎనక్కి తిరిగుంటే మాట్లాడబాక. వచ్చెయ్."

తడలో రైలెక్కి, మద్రాసులో ఇంకో రైలు మారి, ఇద్దరూ మీనంబాకం చేరేసరికి బాగా పొద్దుపోయింది. కటకటాల వెనక నిలబడ్డారు. అవతల నేల పొడుగునా దీపాలు… పట్టుకున్న మనిషి ఒక్కడూ లేడు.

"కొరివిదెయ్యాలురా…" అవ్వ గుసగుసలాడింది.

"కరెంటు దీపాలమ్మా."

"నీకు తెలుసునా?"

మామకూ తెలియదు.

పన్నెండు దాటింది. ఆకాశంలో ఒక ఎర్రకన్ను… తర్వాత మోత. నేల అదిరింది. తెల్లగా పెద్దది దిగి, పరుగెత్తుకొచ్చి, ఎదురుగా ఆగింది. మెట్లబండి తోసుకొచ్చి ఆనించారు. తలుపు తెరుచుకుంది.

అవ్వ ముఖాలు చూడలేదు, పాదాలే చూసింది. ఒక దొర — బూట్లు ముందుకే. పట్టుచీర ఆమె — ముందుకే. ఇద్దరు పిల్లలు — ముందుకే. అవ్వకు కాస్త ఊపిరాడింది.

అందరి వెనకా ఒకడు. పొడుగ్గా, నల్లగా. మెట్టు మీద కాలు పెట్టాడు…

మడమ ముందొచ్చింది. రెండో అడుగూ అంతే. మెట్టు మెట్టుకీ మడమలే ముందు!

"ఎనక్కుండాయిరా…" అవ్వ గోళ్లు మామ చేతిలో దిగాయి. మామ ఆంజనేయ దండకం ఎత్తుకుని, రెండో ముక్క గుర్తురాక కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పదమ్మా… పోదాం…"

అవ్వ కదల్లేదు.

"నువ్వు పో. ఆ మాట అనింది నేను. వాడు ఏం అడిగినా నేనే చెప్పుకోవాల."

మామ తల్లిని వదిలిపోలేకపోయాడు. చాలాసేపటికి, దిగినవాళ్ల సామాన్లు తనిఖీ చేసే గదిలోంచి బూట్ల చప్పుడు బయటికొచ్చింది. దగ్గరికొచ్చింది. ఆగింది.

"అమ్మా…"

"నీ పాదాలు…" అవ్వ కిందికే చూస్తోంది. "మెట్ల మీద… మడమలు…"

అతను కిందికి చూసుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"తెప్ప తిరగబడితే ఓడోళ్లు నన్ను పైకి లాగినారమ్మా. అప్పట్నుంచీ ఓడలోనే పని. ఆడ మెట్లు నిచ్చెన మాదిరి ఉంటాయి, మెట్లకేసి తిరిగి ఎనక్కే దిగాల. ఈడ మెట్లు చూడంగానే కాళ్లు వాటంతట అవే తిరిగినాయి. సింగపూరులో ఓడ మరమ్మతుకి ఆగితే ఓడ దొర ఇమానం ఎక్కించినాడు."

అవ్వ అతని బూట్లు చూసింది. అవి ఆమె వైపే ఉన్నాయి.

"తొమ్మిదేళ్లురా… ఒక్క జాబన్నా రాయలేదే?"

గంగులయ్య నవ్వు ఆగిపోయింది.

"చావు పో అంటివి గదమ్మా. మల్లా రమ్మని యాడ చెప్పినావు?"

చెంప ఛెళ్లుమంది. కటకటాల దగ్గరున్న జనమంతా తిరిగి చూశారు. అవ్వ తన అరచెయ్యి చూసుకుంది. ఎర్రగా కందింది.

"మండతా ఉందిరా పెంచలా! నిజం మడిసేరా!" అంటూ భోరుమంది. కొట్టిన చెంపనే రెండు చేతులా పట్టుకుంది.

"రా నాయనా… ఇంటికి రా."