ఎక్కువ కుట్టిన సంచి

బీడీ కార్మికులకు కట్టించిన కాలనీ విడీ ఘర్కుల్‌లో పొద్దున్నే నల్లా నీళ్లు వచ్చే వేళకల్లా సుందరాబాయి ముందుగది ఊడ్చేసి ఉంటుంది. నాలుగు కుట్టుమిషన్ల మీద కప్పిన గుడ్డ తీసి, ఒక్కోదానికి నూనె చుక్క వేసి, దారపు ఉండలు ఎక్కించాక గానీ ఆమె టీ తాగదు. రెండేళ్ల కిందటి దాకా ఆ గదిలో తంబాకు వాసన ఉండేది, ఇప్పుడు కొత్త చద్దరు వాసన. ఆ మార్పు తన చేతుల మీదుగా వచ్చిందని ఆమెకు గర్వం, దాన్ని దాచుకునే అలవాటు మాత్రం లేదు.

ఊహ తెలిసినప్పటి నుంచి బీడీలు చుట్టిన మనిషి ఆమె. భర్త కొమురయ్య పవర్‌లూమ్ మీద చద్దర్లు నేస్తాడు. కొడుకు వీరేష్ ఆటో నడుపుతాడు. కోడలు ఋతుజ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, అంచు చెడిపోయిన చద్దరు ఒకటి ఇంట్లో పడి ఉంటే, అత్త దాన్ని కత్తిరించి ఆ పిల్లకు భుజానికి వేసుకునే సంచి కుట్టి ఇచ్చింది. చూసినవాళ్లంతా నాకొకటి, నాకొకటి అన్నారు. ఋతుజ ఫోన్‌లో ఫొటోలు పెట్టింది. అలా మొదలైంది యాపారం. కోడలు ఆర్డర్లు చూస్తుంది, అత్త సంచులు కుట్టిస్తుంది. పక్క గల్లీల నుంచి యల్లమ్మ, యశోద, ప్రాజక్త బీడీల చేట పక్కన పెట్టి పనికి వస్తున్నారు.

ఇప్పుడు పుణేలోని ఒక పెద్ద దుకాణం దసరాకు సంచులు అడిగింది. మాల్ నచ్చితే ఏడాది పొడుగునా తీసుకుంటామన్నారు. ఇది నిలిస్తే యాపారం నిలిచినట్టే, తప్పితే అందరి ఒళ్లోకీ మళ్లీ చేట వస్తుంది. ఆ భయంతో సుందరాబాయికి వారం రోజులుగా కంటికి కునుకు లేదు, నోటికి అదుపు లేదు.

మాల్ చూసేందుకు ఆమెకొక పద్ధతి ఉంది. గుమ్మం పక్కన ఎత్తుపీట వేసుకుని కూర్చుంటుంది. కాళ్ల దగ్గర బుట్ట. ఆడవాళ్లు తమ సంచులు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు ఎదురుగా నిలబడాలి. ఆమె కుట్టు వెంబడి బొటనవేలు నడిపి చూస్తుంది. నచ్చని సంచికి పట్టీ పట్టుకుని పర్రున లాగి, బుట్టలో పడేస్తుంది. మనిషి ముఖం చూడదు. ఒకే ఒక మాట అంటుంది, "ఛాట్."

ఆ మాట చుట్టిన బీడీలు అప్పజెప్పే కంపెనీ బ్రాంచిది. అక్కడ చెకర్ కట్టలు విప్పి, నచ్చని బీడీలు విరిచి పక్కకు నెట్టేస్తాడు. వాటికి కూలి రాదు, ఇచ్చిన ఆకుకు సరిపడా బీడీలు మాత్రం రావాలి. అలా పోయినవాటినే ఛాట్ అంటారు. సుందరాబాయి బ్రాంచి వదిలి వచ్చింది గానీ, ఆ మాటను మాత్రం వెంట తెచ్చుకుంది.

ఆ రోజు యల్లమ్మ వంతు వచ్చింది. సుందరాబాయీ ఆమే ఒకే గోడకు వీపు ఆనించి ఏళ్లకు ఏళ్లు బీడీలు చుట్టినవాళ్లు. యల్లమ్మకు ఈమధ్య చూపు కొంచెం మందగించింది.

"ఈ పట్టీ ఏంది యల్లక్కా, ఒక పక్క మీదికి, ఒక పక్క కిందికి?" అంది సుందరాబాయి.

"యాడ, సూడనియ్యి," అంటూ యల్లమ్మ చెయ్యి చాపింది.

"సూసుడు నా పని. నిన్నగాక మొన్ననే చెప్పిన, ఇచ్చిన గుడ్డకు సంచుల లెక్క నాకు బరాబర్ రావాలె అని." పట్టీ పర్రుమంది. సంచి బుట్టలో పడింది. "ఛాట్."

యశోద తల దించుకుని దారం కొరికింది. చిన్నపిల్ల ప్రాజక్త ఆపుకోలేక కిసుక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. యల్లమ్మ చాపిన చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండి, తర్వాత కొంగు సర్దుకుంది. మిగిలిన సంచుల మూట అక్కడే పెట్టి, "తల నొస్తున్నది, ఇంటికి పోతున్న," అని వెళ్లిపోయింది.

"పోనీ, రేపొస్తది," అంది సుందరాబాయి ఎవరూ అడగకుండానే.

మర్నాడు యల్లమ్మ రాలేదు. యశోద ఇంట్లో చుట్టాలొచ్చారని కబురు పంపింది. ప్రాజక్త కబురూ పంపలేదు. నాలుగు మిషన్లూ నూనె తాగి కూర్చున్నాయి, ముందు కూర్చునేవాళ్లు లేరు.

సుందరాబాయి గదిలో అటూ ఇటూ తిరిగింది. "పని నేర్పింది నేను. దారం ఎక్కించుడు వస్తుండెనా వీళ్లకు? ఇంట్ల కూసోబెట్టి, ఫ్యాన్ వేసి, చాయ్ పోసి పని ఇస్తే ఇదా?"

కొమురయ్య చొక్కా తొడుక్కుంటూ, "పోయి పిలువరాదా సుందరా," అన్నాడు. మగ్గాల మోతలో బతికినవాడు కాబట్టి ఇంట్లో తక్కువ మాట్లాడతాడు, ఆ తక్కువలోనే సంగతి చెప్పేస్తాడు.

"నేనెందుకు పోతా? మాల్ ఖరాబ్ చేసింది వాళ్లు."

ఆయన అన్నం డబ్బా తీసుకుని పనికి పోయాడు. ఋతుజ మాత్రం వంటగది గుమ్మంలో నిలబడిపోయింది.

"అత్తమ్మా, నేనొక మాటంటే కోపం చేయరు కదా."

"అనేది అను. కోపం వస్తదా రాదా తర్వాత సూద్దాం."

"మాల్ చూసుడు తప్పు కాదు. మీరు చూడకుంటే మన సంచికి ఇంత పేరు రాదు. కానీ నలుగురి ముంగట చింపుడు ఏంది? పోయిన నెల నేను కుట్టినదాన్ని కూడా అట్లనే చింపిండ్రు. నాకు అన్నం పోలేదు ఆ పూట."

"నీకు చెప్పొద్దా మరి? కోడలని వదిలెయ్యాల్నా?"

"చెప్పుండ్రి. చెప్పుడు వేరు, చింపుడు వేరు." ఋతుజ గుమ్మం దాటి ముందుకొచ్చింది. "మీరే నాకు ఎన్నిసార్లు చెప్పిండ్రు, బ్రాంచిల చెకర్ మొఖం చూడకుండ బీడీలు విరిచేటోడని, ఇంటికొచ్చి ఏడ్చేదాన్నని. మీరు పుట్టినప్పటి సంది పని ఇచ్చే సేఠ్ అంటే ఆ చెకర్‌నే చూసిండ్రు అత్తమ్మా. అందుకే సేఠ్ అంటే అట్లనే ఉండాలె అనుకుంటున్నరు."

సుందరాబాయి ముఖం మాడిపోయింది. "నన్ను వానితోని పోలుస్తవా? వాడు మా నోటికాడి కూడు గుంజిండు. నేను వీళ్లకు కూడు పెడుతున్న. నిన్నగాక మొన్న వచ్చినవ్, నీకేం తెలుసు మా బతుకు?"

"తెల్వదు. కానీ ఎత్తుపీట మీద మీరు, కింద నిలబడి యల్లమ్మత్త. ఇంత మాత్రం నాకు కనబడ్డది."

ఆ మాట అని ఋతుజ ఫోన్ అత్త చేతిలో పెట్టింది. "దుకాణం వాళ్లు ఫోన్ చేస్తరు. ఏం చెప్పాల్నో మీరే చెప్పుండ్రి. మనిషి లేని యాపారం ఎట్ల నడిపిస్తరో నాకు తోస్తలేదు." లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

సుందరాబాయికి రోషం వచ్చింది. ఎవరూ లేకపోతే నేనే కుడతాను అనుకుని మిషన్ ముందు కూర్చుంది. కుట్టడానికి ముందు యల్లమ్మ వదిలిపోయిన మూటలో ఎన్ని పనికొస్తాయో చూద్దామని ముడి విప్పింది.

పైవి బాగానే ఉన్నాయి. అడుగున ఉన్న సంచి దగ్గర బొటనవేలు ఆగిపోయింది. దుకాణానికి పంపేవన్నీ మెరూన్ రంగు మీద తెల్ల నెమళ్లు. ఇదీ అదే రంగు, అవే నెమళ్లు. కానీ కొత్త చద్దరుకు గంజి బిరుసు ఉంటుంది, ఇది చేతికి మెత్తగా తగిలింది. తిప్పి చూస్తే లోపలివైపు రంగు బాగా వెలిసిపోయి ఉంది. పైకి కొత్తగా కనబడాలని తక్కువ వెలిసిన వైపును బయటికి వేసి కుట్టింది. మూతి దగ్గర కొమురయ్య పెట్టే సన్నని పచ్చ అంచు కనబడింది.

ఆ చద్దరు ఎవరిదో సుందరాబాయికి తెలుసు. ఘర్కుల్‌లో యల్లమ్మకు ఇల్లు వచ్చినప్పుడు కొమురయ్యతో పట్టుబట్టి నేయించి, పాలు పొంగించిన రోజు తనే భుజాన కప్పి ఇచ్చింది. యల్లమ్మ మంచం మీద ఎప్పుడు చూసినా అదే ఉండేది.

ముందు ఆమెకు అర్థం కాలేదు. ఇంట్లో చద్దరు కత్తిరించి ఇక్కడి మూటలో ఎందుకు పెట్టింది? ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక మెల్లగా వెలిగింది. మొన్న కూడా యల్లమ్మ సంచి ఒకటి ఛాట్‌లో పోయింది. గుడ్డ లెక్క తక్కువ రావద్దని తాను అరిచింది. ఆ లోటు పూడ్చడానికి యల్లమ్మ తన మంచం మీది చద్దరు కత్తిరించింది.

అది సుందరాబాయికి కొత్త సంగతేమీ కాదు. ఆమె కూడా చేసిందే. చెకర్ విరిచినవాటికి లెక్క సరిపెట్టడానికి ఇంట్లో పప్పు మానేసి బజారులో ఆకు కొనేది. చుట్టిన బీడీలు నాలుగు ఎక్కువే కట్టలో పెట్టేది. సంగతి ఎవరికీ చెప్పేది కాదు, ఎందుకంటే చెప్పినా వినే మనిషి బ్రాంచిలో లేడు. భయపడినవాళ్లే అలా ఎక్కువ పెడతారు. యల్లమ్మ ఇప్పుడు తనకు భయపడుతోంది.

సుందరాబాయి ఏడ్చింది. మిషన్ మీద తల ఆనించి, ఆ మెత్తటి సంచి ముఖానికి అదుముకుని ఏడ్చింది. కోడలు వింటుందని కూడా చూసుకోలేదు. ఋతుజ తలుపు తీసి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నేను వాన్నే అయిన బిడ్డా," అంది సుందరాబాయి. "వాని మీద కోపంతోని బయటికొచ్చి, వాన్నే నెత్తిన పెట్టుకొని తెచ్చుకున్న."

"దించేస్తే పోతది అత్తమ్మా," అంది ఋతుజ. "నేను రావాల్నా మీతోని?"

"వద్దు. తప్పు చేసింది నేను. నేనే పోత."

యల్లమ్మ తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేట. చేటలో తడిపిన ఆకు, తంబాకు. సుందరాబాయిని చూసి కూడా చెయ్యి ఆపలేదు. లోపల మంచం మీద ఉత్త బొంత కనిపిస్తోంది.

సుందరాబాయి ఎదురుగా కింద కూర్చుంది. పక్కన ఉన్న కత్తెర తీసుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

"చద్దరు ఎందుకు కోసినవ్ యల్లక్కా?"

యల్లమ్మ చెయ్యి ఆగింది. "చూసినవా? మొన్న రాత్రి పక్కింటోళ్ల మిషన్ మీద కుట్టిన, తెల్వదనుకున్న."

"నన్నొక మాట అడగకపోయినవా?"

"అడిగేటట్టు ఉంటివా నువ్వు?" యల్లమ్మ తలెత్తింది. కోపం లేదు, అలసట ఉంది. "బ్రాంచిల చెకర్ విరిస్తే నాకు ఇంత బాధ కాలేదు సుందరా. వాడు బయటోడు. వానికి నేనెవరో తెల్వదు. నువ్వు నా పక్కన కూసున్నదానివి. నా పిల్లలకు నీ చేత్తో తినబెట్టినవ్. నువ్వు చింపి బుట్టల పడేస్తుంటే, ఆ ప్రాజక్త పోరి నవ్వింది."

"తప్పయింది," అంది సుందరాబాయి. జీవితంలో ఆ మాట ఆమె నోట ఎక్కువసార్లు వచ్చింది కాదు, అందుకే మళ్లీ అంది. "తప్పయింది యల్లక్కా. ఆర్డర్ పోతదని భయపడ్డ. నా భయం తీసుకొచ్చి నీ మీద పెట్టిన."

యల్లమ్మ బీడీ చుట్టి, దారం బిగించి, చేటలో పెట్టింది. వెంటనే కరిగిపోయే మనిషి కాదు.

"నా కండ్లు మునుపటోలె లేవు. కుట్టు వంకర పోతది, పోదని నేననను. చెప్పు. కానీ నా చేతికిచ్చి చెప్పు. ఇప్పేది ఉంటే నేనే ఇప్పుకుంట. నేను కుట్టింది నువ్వు చింపకు."

"చింపను."

"ఆ ఎత్తుపీట తియ్యి ఆడినుంచి."

"తీస్త."

"చాయ్ తాగుతవా?" అని అడిగింది యల్లమ్మ. అప్పుడు సుందరాబాయి ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రం పుణే నుంచి ఫోన్ వస్తే ఋతుజ ఉన్నమాట చెప్పింది, సగం మాల్ అన్న రోజుకు, మిగతాది కొంచెం ఆలస్యంగా పంపిస్తామని. వాళ్లు గొణిగారు, చివరికి సరే అన్నారు. మాల్ చూసి నచ్చితేనే తర్వాతి మాట అన్నారు. సుందరాబాయి పక్కనే నిలబడి అంతా విని, "నేనైతే మొత్తం ఇస్తమని చెప్పి, మిమ్ములందరినీ పీక్కుతిందును," అంది. ఋతుజ నవ్వింది, కాదనలేదు.

మర్నాడు యల్లమ్మ వచ్చింది, యశోద వచ్చింది. ప్రాజక్త కూడా వచ్చింది, యల్లమ్మ వైపు చూడలేక చాలాసేపు కత్తెర వెతుక్కుంది. గుమ్మం దగ్గర ఎత్తుపీట లేదు, దాని మీద నీళ్ల బిందె ఎక్కి వంటగదిలో కూర్చుంది. బుట్టలో దారపు ఉండలు ఉన్నాయి. చాప పరిచి ఉంది. సుందరాబాయి తాను కుట్టిన సంచి తెచ్చి మొదట కోడలి చేతిలో పెట్టింది.

"చూడు బిడ్డా. ఏమన్నుంటే చెప్పు."

ఋతుజ మొహమాటపడింది. అందరూ చూస్తున్నారు. "ఇక్కడ జిప్పు పక్కన కుట్టు తప్పింది అత్తమ్మా," అంది మెల్లగా.

సుందరాబాయి సంచి తీసుకుని, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. నిజంగానే తప్పింది. ఒక్క నిమిషం ఆమె ముఖం ఎర్రబడింది, అలవాటు అంత తొందరగా పోయేది కాదు. తర్వాత చాప మీద కూర్చుని, సూది మొనతో తన కుట్టు తానే విప్పుకుంది. అది చూసి యశోద తన సంచుల్లో ఒకటి ఎవరూ అడగకుండానే పక్కకు తీసి విప్పడం మొదలుపెట్టింది.

పొద్దు వాలే వేళకు కొమురయ్య పని నుంచి వచ్చాడు. చంకలో కాగితం చుట్టిన కొత్త చద్దరు ఉంది, మెరూన్ మీద తెల్ల నెమళ్లు, పచ్చ అంచు. పెళ్లాం పొద్దున అడిగిందని తెచ్చాడు. సుందరాబాయి దాన్ని యల్లమ్మ ఒళ్లో పెట్టింది. పాత చద్దరుతో కుట్టిన సంచి మాత్రం తిరిగి ఇవ్వలేదు. రోజూ మాల్ చూసేచోట గోడ మేకుకు తగిలించి, "ఇది నాకుండనియ్యి," అంది.

యల్లమ్మ కొత్త చద్దరును ఒకసారి నిమిరి పక్కన పెట్టి, ఆ రోజు కుట్టిన సంచుల మూట విప్పింది. సుందరాబాయి పక్కనే కూర్చుని ఒక్కో సంచి చూసింది. ఒకదానికి పట్టీ కొద్దిగా వంకర ఉంది. ఆ సంచిని యల్లమ్మ చేతికి ఇచ్చి, వంకర ఉన్నచోట వేలు పెట్టి చూపించింది.

"అవ్, పోయింది," అంది యల్లమ్మ కళ్లు చిట్లించి. "ఇప్పుత తియ్యి."

దానితో కలిపి సంచులన్నీ సుందరాబాయి లెక్కపెట్టింది. ఇచ్చిన గుడ్డకు ఎన్ని రావాలో అన్నే ఉన్నాయి. ఒక్కటి కూడా ఎక్కువ లేదు.