పదకొండు మంది జాలర్ల ఫైలు

"ఇది రిపోర్టా, శుభలేఖా?" అందామె, కాగితాన్ని బల్లమీద పెడుతూ.

ప్రభుత్వం తరఫున వచ్చిన లాయర్ తెల్లబోయాడు. "అదేంటండీ అలా అంటారు?"

"మర్యాదలన్నీ ఉన్నాయి, అసలు విషయమే లేదు. జాలర్లని వదిలారా లేదా?"

సముద్రంలో హద్దు దాటారని పొరుగుదేశపు జాలర్లు పదకొండు మందిని అతని ప్రభుత్వం నిర్బంధించింది. వదిలేయమని అంతర్జాతీయ కోర్టు తీర్పిచ్చి ఏడాదైంది. ఆ తీర్పు అమలవుతోందో లేదో కోర్టు తరఫున చూసే ఆఫీసర్ ఆమె. మూడు నెలలకోసారి వచ్చి "పరిశీలనలో ఉంది" అని చెప్పి వెళ్లడం అతని ఉద్యోగం.

"మీ కోర్టుకి పోలీసుల్లేరు కదా! మేం వదలకపోతే ఏం చేస్తారు?"

"అడుగుతాం. మళ్లీ అడుగుతాం. అన్ని దేశాల ముందూ నిలబెట్టి అడుగుతాం. రేపు మీ పడవల్ని ఇంకొకరు పట్టుకుంటే మీరొచ్చేదీ ఇక్కడికే. అప్పుడు ఏ మొహం పెట్టుకుని వస్తారు?"

కిటికీ బయట వాన మొదలైంది. కోపంలో ఆమె కళ్లు ఇంత బాగుంటాయా అనుకుంటూ, అతను కాగితం వెనక్కి తీసుకున్నాడు.

తర్వాతిసారి రిపోర్టు మూడు పేజీలైంది. వెళ్లబోతూ ఆగాడు.

"ఫైలుతో సంబంధంలేని మాట ఒకటి అడగొచ్చా?"

"వద్దు. ఈ ఫైలు నా దగ్గరున్నంతకాలం మీరు నాకు ఒక దేశం. దేశాలతో నేను సినిమాలకెళ్లను." అంటూనే ఎర్రబడింది.

అతను తిన్నగా తన మంత్రి దగ్గరికెళ్లాడు.

"కోర్టుకి తలవంచామంటే జనం నవ్వరా?" అన్నాడు మంత్రి.

"మన జాలర్లూ అదే సముద్రంలో ఉన్నారు సార్. రేపు వాళ్లు పట్టుబడితే మనం చూపించాల్సింది ఈ తీర్పునే. తలవంచామని ఎందుకు? మాట నిలబెట్టుకున్నామని చెప్పండి."

మంత్రి కాగితం, పెన్ను అతని ముందుకి తోశాడు. "ఆ ముక్క రాసివ్వు" అన్నాడు.

పది రోజులకి ఆమెకి ఫోనొచ్చింది. "అందరం ఇల్లు చేరామమ్మా" అన్నాడు పెద్ద జాలరి. ఫైలు మూసి, కళ్లు తుడుచుకుని చూస్తే ఎదురుగా లాయర్.

"ఇప్పుడు అడగొచ్చాండీ? నాకు మీరంటే ఇష్టం. మీరు అంతలా నిలదీయకపోతే మంత్రిగారి ముందు నా నోరు పెగిలేది కాదు."

ఆమె నవ్వింది. "నాకూ ఇష్టమే. కానీ మా నాన్నకి లాయర్లంటే పడదు."

ఆదివారం అతను ఆమె ఇంటికెళ్తే ఆ నాన్నే తలుపు తీశాడు. అతన్ని ఎగాదిగా చూశాడు.

"మొండి ప్రభుత్వాన్ని ఒప్పించింది నువ్వేనా?"

"మీ అమ్మాయేనండీ. వదలకుండా వెంటపడ్డారు."

"పడుతుంది. నా ఇరవై ఏళ్ల సిగరెట్లు మాన్పించింది అది. ఇక నువ్వెంత! లోపలికి రా, అల్లుడూ."