బండల సందుల్లో ఊరే నూనె

నంద్యాలలో పాత నూనె మిల్లును ఇళ్లుగా మార్చి అమ్ముతుంటే, సుజాత ముచ్చటపడి మొగుణ్ణి సతాయించి ఒకటి కొనిపించింది. ఎత్తైన కప్పు, మందమైన గోడలు, ఎండాకాలంలోనూ చల్లదనం. తీరా కాపురం పెట్టాక కొరివితో తల గోక్కున్నట్టయింది. వంటింట్లో పరిచిన బేతంచెర్ల బండల సందుల్లోంచి నూనె ఊరేది. పచ్చగా, జిగటగా, ముక్కిపోయిన కంపుతో. ఎంత కడిగినా తెల్లారేసరికి మళ్లీ అంతే. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా ఆ కంపే. ఆమెకు ఆ ఇల్లంటేనే రోత పుట్టింది.

అహోబిలంలో సుజాత కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాక, ఆళ్లగడ్డలో ఉండే అత్త నాగేశ్వరమ్మ వాళ్లతోపాటే వచ్చింది. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి.

ఆ సాయంత్రం ముసురు పట్టి కరెంటు పోయింది. సుజాత కొవ్వొత్తి పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. అత్త కాళ్లు చాపుకుని, వాటి మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టి నూనె రుద్దుతోంది. వాడి బోడిగుండు నిగనిగలాడుతోంది. గుప్పున అదే కంపు...

"అత్తా, ఆ నూనె యాడిది?"

"ఈడిదే. బండల మీద గుడ్డతో అద్ది, గిన్నెలోకి పిండినా. మంచి శెనక్కాయ నూనె, పారబోస్తాండావ్ నువ్వు."

సుజాత కొవ్వొత్తిని గట్టు మీద నిలబెట్టింది. "వానికి పూయొద్దత్తా. కంపు కొడతాంది."

"ఏం కంపే. మేం ఈ మిల్లు నూనె తినే బతికినోళ్లం." నాగేశ్వరమ్మ చెయ్యి ఆగలేదు. గొంతు మాత్రం తగ్గింది. "ఒకతూరి పనిచేసే ఆడమనిషి జడ మిషన్లో పడె. మనిషి గూడా పోయె. ఆ దినం నూనె పారబోయకుండా చవగ్గా అమ్మిరి. మేమూ డబ్బా తెచ్చుకుంటిమి. పండక్కి కజ్జికాయలు దాంతోనే చేసినాం."

"తెలిసే తింటిరా?"

"వడగట్టినారు కదే."

సుజాత బిడ్డను లాక్కుంది. చేతుల్లోంచి జారిపోతున్నాడు. వంటింటి మూలనే కూర్చోబెట్టి, కాగిన నీళ్లకు చన్నీళ్లు తొరిపి పోసి సున్నిపిండి రుద్దింది. జిగట పోలేదు. మళ్లీ రుద్దింది. మెడ మడతల్లో, చంకల్లో, వేళ్ల సందుల్లో... తుడిచిన చోటే ఊరుతోంది.

వాడు ఏడవడం లేదు. ఏదో చప్పరిస్తున్నాడు.

నోట్లో వేలు పెట్టింది. వెంట్రుక తగిలింది. లాగింది. వచ్చింది... ఇంకా వచ్చింది. నల్లగా, బారెడు పొడుగున, నూనె కారుతూ. ఆ ఇంట్లో అంత జడ ఎవరికీ లేదు. పట్టుకున్న కొసను బండ మీద విదిలించేసింది.

కొస కదిలింది. మెల్లగా పాకి, బండల సందులోకి దూరింది. లోపలికి పోతోంది... పోతోంది... బిగుసుకుంది.

పిల్లవాడి తల అటు వంగింది.

సుజాత రెండు చేతులా బిడ్డను అదుముకుంది. వదిలితే పోతాడు. "అత్తా... కత్తెర," అంది గుసగుసగా.

వెనక ఓకరింత వినిపించింది.

సుజాత తిరిగి చూసింది. కొవ్వొత్తి వెలుగులో అత్త నోరు తెరుచుకుని, గొంతులోకి వేళ్లు పెట్టుకుని, ఏదో లాగుతోంది. ఎంత లాగినా అది తెగడం లేదు.