ఫోర్‌మన్ కపాలం

పట్టపగలు... మధ్యాహ్నం మూడు గంటల వేళ... ఆకాశం పచ్చబడింది!

వాన ముందు ఆకాశం నల్లబడటం ఎవరైనా చూస్తారు. పాచి పట్టిన నీటి రంగులో మేఘం నేల మీదికి వంగితే మాత్రం అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో పుట్టి పెరిగినవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలేసి నేలమాళిగల్లోకి దిగిపోతారు. సుడిగాలి సైరన్ దీర్ఘంగా ఊళ పెడుతోంది. ఉరుము... దాని వెనకే మరో ఉరుము! దిక్కులు దద్దరిల్లుతున్నాయి. మూతపడిన కార్ల ఫ్యాక్టరీ పొగగొట్టం మీద ఒక గుడ్లగూబ పగటి వెలుగులోనే కూర్చుని ఆగకుండా కూస్తోంది.

ఆర్విల్ స్టానెక్ నేలమాళిగలోకి దిగలేదు. దిగే ఓపిక లేదు. ఆ ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఉన్న తన షెడ్డులో, నల్లటి స్టార్మ్‌హాక్ కారు కింద వెల్లకిలా పడుకుని ఆఖరి బోల్టు బిగిస్తున్నాడు. అరవై అయిదేళ్ల ఒళ్లు. పానా తిప్పిన ప్రతిసారీ భుజం కలుక్కుమంటోంది. ఏడాదిగా కంటికి కునుకు లేదు, నోటికి తిండి సయించడం లేదు. చావు రాక బతుకుతున్నాడంతే.

షెడ్డు వెనక గదిలో అతని భార్య లొరెట్టా కుర్చీలో కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి... కానీ వాటిలో నల్లగుడ్లు లేవు! చేతులు రెండూ గాలిలో దేన్నో పట్టుకుని, ఒత్తి, వదిలి, మళ్లీ పట్టుకుంటున్నాయి. అది వెల్డింగ్ చేసేవాడి చేతి వాటం. లొరెట్టా తన జన్మలో వెల్డింగ్ గన్ను ముట్టుకోలేదు.

ఈ పీడ కిందటి వేసవిలో గుమ్మంలోకి వచ్చింది. పీడ పేరు ఆంబ్రోస్ వేల్. ఎనభై ఏళ్లవాడు. తాకితే రాలిపడేలా ఉన్న చర్మం, దాని లోపల నిప్పుకణికల్లా రెండు కళ్లు! లారీ మీద ఒక తుప్పు కళేబరాన్ని తెచ్చి దింపించాడు. ముప్పై ఏళ్ల కిందట ఎదుటి ఫ్యాక్టరీలోనే గుప్పెడంటే గుప్పెడు తయారైన స్టార్మ్‌హాక్ కార్లలో మిగిలింది అదొక్కటేనట. దాన్ని కొత్తగా చెయ్యనక్కర్లేదు, అందంగా చెయ్యనక్కర్లేదు... ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో అచ్చం అలాగే నిలబెట్టాలన్నాడు.

ఆ కోరికలో ఆర్విల్‌కి వింతేమీ కనపడలేదు. అతను తిండి తినేదే పాత కార్లని అలా నిలబెట్టే పని మీద. ఇందులో చెయ్యి తిరిగినవాళ్లకి ఒక నియమం ఉంది. ఫ్యాక్టరీ చేసిన తప్పును తప్పుగానే మళ్లీ చెయ్యాలి. ఆనాడు రంగు కారి బొట్టు కట్టి ఉంటే, ఈనాడూ అక్కడే బొట్టు కట్టాలి. దిద్దితే అది నకిలీ బండి కింద లెక్క. అన్నిటికంటే ముఖ్యం సుద్ద గుర్తులు. కార్లు వరసగా తయారయ్యే లైనులో తన వంతు ముగించిన ప్రతి కార్మికుడూ ఇనుము మీద సుద్దతో ఒక గీతో సున్నానో గీసి బండిని ముందుకు వదిలేవాడు. ఎవడి గుర్తు వాడిది. తుప్పు గీకేటప్పుడు ఆ మసక గీతల్ని జాగ్రత్తగా వెతికి, ఫొటో తీసి పెట్టుకుని, పనయ్యాక అదే చోట అదే వంకరతో మళ్లీ గియ్యాలి. ఈ వృత్తిలో ఉన్నవాళ్లంతా చేసేదే. చచ్చిపోయినవాడి సంతకం మన చేత్తో పెడుతున్నామే అని ఎవరికీ తట్టదు.

వేల్‌కి తట్టింది!

సీట్లు కుట్టింది లొరెట్టా. ఒకప్పుడు ఆమె ఆ ఫ్యాక్టరీ కుట్టు విభాగంలో పనిచేసిన మనిషే. వేల్ తెచ్చిచ్చిన నల్లదారంతో కుడుతుంటే సూది వేలిలోకి దిగి రక్తం డ్రైవరు సీటు మీద పడింది. తుడవబోతే పక్కనే నిలబడి ఉన్న వేల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఉండనీ అన్నాడట, నవ్వుతూ. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పి, ముసలాడి చెయ్యి మంచుగడ్డలా ఉందని లొరెట్టా ఒళ్లు ముడుచుకుంది. ఆమె తన గొంతుతో తిన్నగా మాట్లాడిన ఆఖరి భోజనం అది.

మర్నాడు ఆర్విల్ మొదటి సుద్ద గుర్తు గీశాడు. సున్నా, లోపల అడ్డగీత. ఆ గుర్తు ఎవరిదో అతనికి తెలుసు. అతను కూడా ఆ లైనులో చెమటోడ్చినవాడే. పైగా ఏళ్ల తరబడి యూనియన్ తరఫు మనిషి. ఎవరి గుర్తు ఏదో, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో, అన్నీ అతనికి కంఠతా వచ్చేవి. అది వెల్డర్ ఓటిస్ గుర్తు. ఓటిస్ ఊపిరితిత్తులు పాడై చనిపోయి అప్పటికి పదేళ్లు. పాపం మంచివాడని నిట్టూర్చి, ఆర్విల్ సున్నాలో గీత కలిపాడు...

గీత కలిసిన మరుక్షణం వెనకనుంచి కేక! గుండెలు అవిసిపోయే ఆర్తనాదం! పరుగెత్తి వెళ్లి చూస్తే లొరెట్టా నేల మీద విల్లులా వంగిపోయి ఉంది. ఆమె నోటినుంచి వస్తున్నది ఓటిస్ దగ్గు.

డాక్టర్లు తల అడ్డంగా ఊపారు. చర్చి ఫాదర్ వచ్చి, ఆమె నోట మగాడి గొంతు విని, బైబిల్ వదిలేసి వెళ్లిపోయాడు. కారుకు దూరంగా తీసుకెళ్తే ఊపిరి ఆగిపోయేది. అందుకే ఇల్లు వదిలి షెడ్డు వెనక గదిలో కాపురం. అప్పుడు వేల్ తీరిగ్గా వచ్చి నిజం విప్పాడు. గుర్తు గీస్తే ఆ గుర్తు తాలూకు ప్రేతం వస్తుంది, సీటు మీద రక్తం ఎవరిదో వాళ్లలోకి దిగుతుంది. ఆర్విల్ అతని పీక పట్టుకున్నాడు. వేల్ కదల్లేదు.

"నన్ను చంపితే మీ ఆవిడ ఎటూ కాకుండా ఇలాగే ఉండిపోతుంది. పని పూర్తి చెయ్యి, ఆవిణ్ణి వదిలేస్తా" అన్నాడు.

ఆర్విల్ చేతులు జారిపోయాయి. ఆ రోజునుంచి ఒక్కో భాగం తళతళలాడుతుంటే ఒక్కో ప్రేతం లొరెట్టాలోకి దిగుతూ వచ్చింది. పెళ్లాన్ని బతికించుకోవడానికి పెళ్లాన్నే కొంచెం కొంచెం చంపుకుంటున్న మొగుడు! ఇంతకన్నా నీచమైన బతుకు ఉంటుందా అని అతను రోజూ తన్ను తాను తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే పానా అందుకున్నాడు. మరో దారి తోచక.

ఆఖరి బోల్టు బిగిసింది.

షెడ్డు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. పచ్చటి వెలుగు వెనక నుంచి కొడుతుండగా వేల్ లోపలికి వచ్చాడు. చేతిలో నల్లగుడ్డ మూట. మూట విప్పి బానెట్ మీద పెట్టాడు... కపాలం! మట్టి ఇంకా వదలని, దవడ ఊగుతున్న మనిషి కపాలం!

"గుర్తుపట్టావా? మీ ఫోర్‌మన్ డ్రేగర్" అన్నాడు వేల్.

గుర్తుపట్టకేం. నీళ్లు తాగడానికి లైను దిగినవాడి కూలి కోసిన మనిషి. జ్వరమొచ్చినవాణ్ణి కూడా నిలబెట్టి పని చేయించిన మనిషి. అతని సమాధి తవ్వి తెచ్చానని వేల్ గర్వంగా చెప్పాడు. బతికుండగా వాళ్ల మీద పెత్తనం చేసింది ఈ తలకాయే గనక, చచ్చాక కూడా దీని మాటే వింటారట. అప్పుడు అసలు సంగతి కూడా బయటపెట్టాడు. ముప్పై ఏళ్ల కిందట ఫ్యాక్టరీ గేటు దాటిన ఆ రోజును ఇప్పుడు ఈ కారు తనలో పట్టుకుని ఉంది. మొదటిసారి ఇంజను మోగినప్పుడు ఇందులో కూర్చున్నవాడు ఆనాటి వయసుకు వెళ్లిపోతాడు. వాడి ముప్పై ఏళ్లూ సీటు మీద నెత్తురు చిందించిన మనిషి నెత్తిన పడతాయి.

లొరెట్టాకి అరవై. మరో ముప్పై ఏళ్లు ఒక్కసారిగా మీద పడితే ఆ బక్క ప్రాణం నిలుస్తుందా?

"వదిలేస్తానన్నావు" అన్నాడు ఆర్విల్.

"వదిలేస్తాను. కాటికి" అన్నాడు వేల్.

ఆర్విల్ మీదికి ఉరికాడు. కపాలం దవడ ఒక్కసారి టక్కుమంది... కంటికి కనపడని చేతులు అతన్ని గోడకు అదిమేశాయి! మసి, నూనె, చెమట వాసన. ఒకప్పుడు అతని భుజాన పడిన చేతులే అవి. వెనక గదిలోంచి లొరెట్టా నడిచి వచ్చింది. నడక కాదది, ఈడ్పు. వేల్ స్టీరింగ్ ముందు కూర్చుని కర్ణకఠోరమైన మంత్రాలు చదువుతూ తాళం తిప్పాడు.

ఇంజను గర్జించింది! షెడ్డు కంపించింది, అద్దాలు పగిలాయి, మెరుపులు పాముల్లా నేలను కాటేశాయి. వేల్ ముఖం మీద ముడతలు విచ్చుకున్నాయి... బట్టతల మీద నల్లటి జుట్టు మొలిచింది... వంగిన నడుము నిక్కింది. ఇటు లొరెట్టా జుట్టు వేళ్లనుంచి కొసలదాకా తెల్లబడిపోయింది. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. మోకాళ్ల మీద కూలబడింది. ఆర్విల్ ఆమె పేరు పెట్టి పిలుస్తూ గింజుకున్నాడు.

అప్పుడు ఆమె పెదవులు కదిలాయి. వచ్చింది ఓటిస్ గొంతు.

"స్టానెక్ అన్నా... ఇంకా ఎంతసేపన్నా?"

ఆర్విల్ గింజుకోవడం ఆపాడు.

"షిఫ్టు అయిపోయి ఎన్నేళ్లయిందో. డ్రేగర్ వదలట్లేదన్నా. చేతులు పడిపోతున్నాయి. వదినమ్మని చంపమంటున్నాడు. మాకిష్టం లేదు."

ఏడాదిగా ఆ గొంతులు వింటున్నాడు. ఏడాదిగా చెవులు మూసుకున్నాడు. వాళ్లు తన భార్యను తినడానికి వచ్చిన పిశాచాలనే అనుకున్నాడు తప్ప, తనలాగే అలిసిపోయిన మనుషులని ఒక్కసారీ అనుకోలేదు. తన మనుషులని అనుకోలేదు. సిగ్గుతో అతని కళ్లు నిండాయి.

వేల్ ఆ ఫ్యాక్టరీలో ఏనాడూ చెమట చిందించలేదు. పెత్తనం చేసేవాడి మాటే లైనులో చెల్లుతుందనుకున్నాడు. డ్రేగర్ అరిస్తే జనం పని చేసేవారు, నిజమే. కానీ యూనియన్ మనిషి చెయ్యెత్తితే ఆపేసేవారు! లైను వేగం పెంచిన ప్రతిసారీ వాళ్లు చూసింది ఫోర్‌మన్ వైపు కాదు, ఆర్విల్ వైపు. అతను నోరు మెదిపితే వేలమంది ఒక్కసారిగా కూర్చునేవారు. అప్పుడు ఏ డ్రేగర్ గొంతు చించుకున్నా ఒక్క మర కదిలేది కాదు.

ఆర్విల్ గోడకు అదిమిన చేతిని పైకెత్తబోయాడు. పట్టుకున్న చేతులు అడ్డుకోలేదు. తామే పైకి ఎత్తాయి.

"పనిముట్లు కింద పెట్టండ్రా" అన్నాడు. అరవలేదు, అరిచే సత్తువ లేదు. "చాలు. షిఫ్టు అయిపోయింది. ఇళ్లకి పోండి."

కపాలం రంకె వేసింది! మట్టి కక్కుతూ, పళ్లు రాలుతూ, పని... పని... పని... అని ఘోషించింది! వేల్ వికటాట్టహాసం చేసి కొత్త మంత్రం అందుకున్నాడు. ఎవరూ వినలేదు. షెడ్డులో ఒక మూల ఠంగుమని ఏదో పడిన చప్పుడు. మరో మూల మరొకటి. కనపడని సుత్తులు, కనపడని పానాలు, కనపడని వెల్డింగ్ గన్నులు... వందల చేతులు ఒకదాని వెంట ఒకటి పనిముట్లు నేల మీద పెట్టేస్తున్నాయి!

స్టార్మ్‌హాక్‌ని నిలబెట్టి ఉంచింది వాళ్ల పనే. పని ఆగిపోయాక ఇక నిలిచేదేముంది? ఓటిస్ వెల్డింగ్ ఓటిస్‌తో పాటు లేచిపోయింది. అతుకులు విచ్చుకున్నాయి, బోల్టులు వెనక్కి తిరిగి రాలాయి. నల్లటి రంగు పొలుసులు పొలుసులుగా ఊడి కింద ఎర్రటి తుప్పు పైకి పొంగింది. లోపలున్న వేల్ తలుపు తెరవబోతే పిడి చేతిలోకి ఊడి వచ్చింది. నల్లజుట్టు రాలిపోయింది... ముడతలు తిరిగి వచ్చాయి... ముప్పై ఏళ్లూ వచ్చేశాయి, అక్కడితో ఆగలేదు! అరిచే నోట్లోంచి తుప్పు రాలింది. పైకప్పు కుంగి మూతలా మీద పడింది. కేక సగంలో తెగిపోయింది.

కింద పడ్డ కపాలం మీదుగా బూట్ల చప్పుడు నడిచింది. ఒక జత... పది జతలు... వందల జతలు! తొందర లేదు వాళ్లకి, పని దిగి ఇళ్లకు పోయేవాళ్ల నడకది. ఆ అడుగుల కింద డ్రేగర్ కపాలం పిండి పిండి అయిపోయింది. నడక గేటు దాకా వెళ్లి వినపడకుండా పోయింది. సైరన్ ఆగింది. మామూలు వాన మొదలైంది.

ఆర్విల్ పాకుతూ వెళ్లి లొరెట్టా తల ఒళ్లోకి తీసుకున్నాడు. కళ్లలో నల్లగుడ్లు తిరిగొచ్చాయి. బుగ్గలూ నిండాయి. జుట్టు మాత్రం తెల్లగానే ఉండిపోయింది.

"వేళ్లు నొప్పిగా ఉన్నాయి" అంది లొరెట్టా.

"ఎవరి నొప్పి?" అన్నాడు ఆర్విల్ భయంగా.

"ఎవరిదేమిటి, నాదే. కుట్టుపని నొప్పి, నలభై ఏళ్లుగా ఉన్నదేగా."

తన జీవితంలో అంతకంటే మంచి మాట వినలేదన్నట్టు ఆర్విల్ ఏడ్చాడు. వెక్కి వెక్కి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. లొరెట్టా అతన్ని ఏడవనిచ్చింది. తర్వాత లేచి కూర్చుని, అలవాటు కొద్దీ నేల మీది పానా అందుకోబోతున్న అతని చెయ్యి పట్టుకుంది.

"లోపలుండి అన్నీ విన్నాను. అందరినీ ఇంటికి పంపావు. నిన్నెవరు పంపుతారు? లే, నేను చెప్తున్నా. పోదాం పద."

ఆర్విల్ పానా వదిలేశాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని లేచి, వానలో తడుస్తూ ఇంటికి వెళ్లిపోయారు.