ఫ్యూజు పీకేసిన అంతస్తు

ఆ బట్టల ఫ్యాక్టరీలో చీకటి పడ్డాక మూడో అంతస్తుకి ఎవరూ వెళ్ళరు. వాచ్‌మన్ కూడా రెండో అంతస్తు దాకా వచ్చి, పైకి టార్చి కొట్టి, ధైర్యానికి గట్టిగా దగ్గి దిగిపోతాడు.

ఆర్డర్లు పడిపోయి పైన ఉన్న లైను మొత్తం మూసేశారు. అరవై కుట్టుమిషన్లు. ఆఖరి రోజున ఒకావిడ తన మిషన్ మీద తల వాల్చి ఏడ్చిందట... ఇంటికెళ్ళి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఆవిడ ఎవరమ్మా అంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. అయినా అప్పట్నుంచి అర్ధరాత్రి పైనుంచి మిషన్ చప్పుడు వస్తుందంటారు. ఆ అంతస్తుకి కరెంటే లేదు. ఫ్యూజులు పీకి ఆఫీసు బీరువాలో పెట్టారు.

ఇది నాకు చెప్పింది మా బావ. అక్కడే మెకానిక్కు. మామూలుగా బావ చెప్పే కబుర్లలో సగం కోతలే. ఈ ఒక్కటి మాత్రం, మా అక్క వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

గిరాకీ పడిపోయిన ఆ ఏడాది అక్కడ ఇద్దరు మెకానిక్కులుండేవారు. ఒకరు బావ, ఇంకొకరు మేస్త్రి. స్క్రూడ్రైవరు ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి బావకి నేర్పింది మేస్త్రే. ఇద్దరూ కాంట్రాక్టు మీదే. ఇద్దర్లో ఒక్కణ్ణే ఉంచుతాం, ఆ ఒక్కణ్ణీ పర్మనెంటు చేస్తాం అన్నారు. అప్పటికి మా అక్కకి ఏడో నెల. ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ గేటు ముందు చూసినా పని కోసం జనం బారులు తీరి ఉన్నారు.

మేస్త్రికో అలవాటుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు. వేలితో సూది బెజ్జం తడిమి, ఒక్క తోపు... ఎక్కేసేది. కన్ను మోసం చేస్తుంది గానీ వేలు చెయ్యదనేవాడు. కొత్తవాళ్ళు చూస్తే, పాపం ముసలాయనకి ఆనడం లేదనుకుంటారు.

ఒకరోజు టీ తాగుతూ మేనేజరు బావని మాటవరసకి అడిగాడు, మేస్త్రి చూపు ఎలా ఉందని.

బావ ఉన్నది చెప్పొచ్చు. తెలియదనొచ్చు. కానీ "ఈమధ్య సూది తడుముకుంటున్నాడు సార్" అన్నాడు.

అంతే... ఆ వారంలోనే మేస్త్రి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. బావకి పర్మనెంటు కాగితం వచ్చింది. ఇంట్లో మేమంతా సంబరపడ్డాం. బావ మాత్రం ఆ రాత్రి కంచం ముందునుంచి లేచిపోయాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.

నాలుగు నెలలు గడిచాయి. తెల్లారేసరికి సరుకు లారీ ఎక్కాల్సిన ఓ రాత్రి—కాలర్లు కుట్టే మిషన్ ఆగిపోయింది. లోపల కింది దారాన్ని అందుకునే హుక్కు విరిగింది. కొత్తవి కొనడం ఎప్పుడో మానేశారు. ఏది కావాలన్నా పైన మూసేసిన మిషన్లలోంచి విప్పి తెచ్చుకోవడమే. పగలైతే సరే... రాత్రి ఎవరు వెళ్తారు?

లైను సూపర్‌వైజరమ్మ బావ వైపు చూసింది. కుట్టేవాళ్ళంతా చూశారు. పర్మనెంటు మనిషి మరి.

బావ టార్చి పట్టుకుని మెట్లెక్కాడు. తలుపు తోశాడు. మొదటి మిషన్ మీద చెయ్యి వేశాడు.

దుమ్ము లేదు.

నెలల తరబడి ఎవరూ కుట్టని మిషన్... వేళ్ళకి నూనె అంటింది. తాజా నూనె. పక్కదాని మీదా అంతే. ఆ పక్కదాని మీదా అంతే.

అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్...

సూది దిగి లేస్తున్న చప్పుడు. కరెంటు మీద నడిచే మిషన్ గుక్కతిప్పుకోదు. ఇది అలా కాదు—ఆగి, ఆగి, ఎవరో ఆలోచించుకుంటూ కుడుతున్నట్టు ఉంది.

బావ పైప్రాణాలు పైనే పోయాయి. కానీ ఉత్తచేతులతో దిగితే ఆ ఉద్యోగం ఉంటుందా? దాని కోసం తను ఏం చేశాడో తనకి తెలుసు. గోడ పట్టుకుని ముందుకే నడిచాడు.

చివరి వరసలో ఒక మిషన్ చక్రం తిరుగుతోంది. చక్రం మీద... ఒక చెయ్యి.

టార్చి పైకెత్తాడు. మేస్త్రి. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"వెలుగు దించరా" అన్నాడు గొంతు తగ్గించి. "కిటికీలోంచి కనబడుతుంది."

ఉద్యోగం పోయిందని ఆయన ఇంట్లో చెప్పనే లేదట. రోజూ రాత్రి డ్యూటీ అని క్యారేజీ పట్టుకుని బయల్దేరుతున్నాడట. పొద్దున్నే మార్కెట్లో మూటలు మోసి, అదే జీతమని భార్య చేతిలో పెడుతున్నాడట. పని కోసం తిరగని చోటు లేదు. చూపు లేదని తీసేసిన మెకానిక్కుని ఎవరు పెట్టుకుంటారు? వెనక ఇనపమెట్ల తలుపు తాళంచెవి ఆయన దగ్గరే ఉండిపోయింది, తిరిగి అడగాలని ఎవరికీ తోచలేదు. ఊరికే కూర్చోలేక మిషన్లకి నూనె పెడుతున్నాడు. నూనె లోపలిదాకా పాకాలంటే చక్రాన్ని చేత్తో తిప్పాలి. అదీ చప్పుడు.

"కింద కాలరు మిషన్ ఆగడం విన్నాను. హుక్కేగా?" అని గుప్పిట విప్పాడు. అప్పటికే విప్పి ఉంచాడు.

బావ దాన్ని అందుకోలేకపోయాడు. "మేస్త్రీ... మీ చూపు గురించి సారుకి చెప్పింది నేనే."

చక్రం ఆగింది.

"తెలుసు" అన్నాడు మేస్త్రి. "నీ గురించి నన్నూ అడిగారు రా. వాడికి చెయ్యి కుదిరింది, ఇక నేను వెనకాల ఉండక్కర్లేదు అన్నాను."

చక్రం మళ్ళీ తిరిగింది. తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది అన్నాడు బావ నాతో. ఆ క్షణాన సిగ్గుతో చచ్చిపోయాడట. మేస్త్రి హుక్కు బావ జేబులో పడేసి, కింద వాళ్ళు ఎదురుచూస్తుంటారు పొమ్మన్నాడు.

పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి నిజం చెప్పేస్తాననుకుంటూ బావ ఒక్కో మెట్టూ దిగాడు. మెట్లు అయిపోయాయి. కింద అందరూ పని ఆపి నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూసి ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆవిడ కనబడిందా?" అని గుసగుసగా అడిగింది సూపర్‌వైజరమ్మ.

బావ మిషన్ ముందు కూర్చున్నాడు. హుక్కు బిగించాడు. దారం ఎక్కించాడు... కళ్ళు తెరిచే.

"ఉంది" అన్నాడట, తలెత్తకుండా. "రాత్రిపూట పైకి ఎవరూ వెళ్ళకండి."